కొలోన్ నగర ఆర్కైవ్‌లో పాత పత్రం వెతకడం ఎలా?

నమస్కారం. జర్మనీ పాత రికార్డుల్లో ఏదైనా వెతకాలనుకునేవాళ్ల కోసం ఈ వీడియో. కొలోన్ నగర చారిత్రక ఆర్కైవ్‌లో ఏమున్నాయో, అందులో మనకు కావాల్సిన ఒక్క పత్రం దాకా ఎలా చేరాలో చూద్దాం. ప్రొఫెసర్లకే కాదు, ఎవరికైనా ఇక్కడ చూసే వీలుంది. కొలోన్, బాన్, ఆఖెన్ వైపు చదువుకుంటున్న మనవాళ్లు నేరుగా వెళ్లి చూడొచ్చు కూడా.

ముందే ఒక మాట గట్టిగా చెబుతున్నాను. ఆర్కైవ్‌లో కాగితం ఎంత ముఖ్యమో, దాని నంబరు అంత ముఖ్యం. ఎందుకో ఈ ఊరి సంగతి వింటే అర్థమవుతుంది.

[స్క్రీన్ మీద: సెవెరిన్‌ష్ట్రాసె మ్యాప్]

2009 మార్చి 3, మధ్యాహ్నం రెండు కావస్తోంది. ఈ వీధిలో 1971లో కట్టిన ఆర్కైవ్ భవనం కుప్పకూలింది. భవనం ముందు భూగర్భ రైలు లైను కోసం పెద్ద గొయ్యి తవ్వారు. దాని చుట్టూ నేలలోకి దింపిన కాంక్రీటు గోడలో ఒకచోట బండరాయి అడ్డుపడి, గోడ సరిగా పడలేదు. ఆ లోపం దగ్గర భూగర్భ జలం ఇసుకను వెంటబెట్టుకుని గోతిలోకి దూసుకొచ్చింది. పునాది కింద నేల జారిపోయింది. పనివాళ్లు పరుగున వచ్చి హెచ్చరించడంతో ఆర్కైవ్‌లో ఉన్నవాళ్లు బయటపడ్డారు. పక్క ఇళ్లలోని ఇద్దరు యువకులు మాత్రం ప్రాణాలు కోల్పోయారు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఊరి నడిబొడ్డు నేలమట్టమైనా, ముందే బయటికి తరలించినందువల్ల ఈ రికార్డులు దాదాపు చెక్కుచెదరలేదు. అలాంటివి శాంతికాలంలో శిథిలాల కింద పడ్డాయి. వరసగా పేర్చితే సుమారు 30 కిలోమీటర్ల పొడవొచ్చే రికార్డులు ఆ ఆర్కైవ్‌లో ఉండేవి.

2011 దాకా తవ్వి, దాదాపు 95 శాతం బయటికి తీశారు. తడిసినవాటిని వెంటనే ప్లాస్టిక్ ఫిల్మ్‌లో చుట్టి గడ్డకట్టించారు. తడి కాగితం మామూలు వాతావరణంలో రెండు రోజులుంటే చాలు, బూజు పడుతుంది. గడ్డకడితే బూజు ఆగుతుంది, సిరా పాకడం కూడా ఆగుతుంది. తర్వాత గాలి తీసేసిన గదిలో పెడితే మంచు నీరు కాకుండానే ఆవిరైపోతుంది. పొడిగా ఉన్నవాటికి ఇంకో బాధ ఉంది: కాంక్రీటు దుమ్ము. దానికి క్షార గుణం ఉంటుంది, గరుకుగా కూడా ఉంటుంది, తడి తగిలితే గట్టిపడుతుంది. అందుకే తడి గుడ్డ ముట్టించకుండా, మెత్తటి బ్రష్షుతో, పొడి స్పాంజితో ఒక్కో కాగితం తుడవాలి. ఈ పని ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది.

ఇప్పుడు అసలు విషయం. బయటికి తీసినవాటిని దేశంలోని సుమారు 20 ఆర్కైవ్‌లు తమ దగ్గర దాచిపెట్టాయి. ఒకే ఫైలులో ముందు సగం ఒక ఊరికి, వెనక సగం ఇంకో ఊరికి చేరింది. కట్ట మీది చీటీ ఊడిపోతే అది ఏ ఫైలుదో ఎవరికీ తెలీదు. ప్రతి ముక్కకీ బార్‌కోడ్ అంటించి, పాత జాబితాతో సరిపోల్చి, ఒక్కొక్కటే దాని పాత నంబరుకు చేర్చాలి. కాగితం చేతిలో ఉన్నా, ఆ నంబరు తేలేదాకా వాడుకోలేం.

సరే, ఏమేం ఉన్నాయి? పత్రాల్లో అన్నిటికన్నా పాతది 922 నాటిది. ఆస్తి బదిలీలు రాసిన ష్రైన్ రికార్డులు సుమారు 1130 నుంచి మొదలవుతాయి. ఎవరి ఇల్లు ఎవరికి అమ్ముడైందో, తనఖా ఎవరిదో వీధి వీధికీ దొరుకుతుంది. నా దృష్టిలో ఈ ఆర్కైవ్‌కి ప్రాణం ఇవే. 1396 నాటి ఫెర్‌బుండ్‌బ్రీఫ్ ఉంది. పాత కులీన కుటుంబాల పాలన పోయాక 22 గాఫెల్‌లు, అంటే వర్తక, వృత్తి సంఘాలు, ముద్రలేసి రాసుకున్న నగర రాజ్యాంగం అది. ఫ్రెంచివాళ్లు వచ్చేదాకా, దాదాపు 400 ఏళ్లు నడిచింది. మధ్యయుగ తత్వవేత్త అల్బెర్టుస్ మాగ్నుస్ స్వహస్తంతో రాసినవి, హాన్సా వర్తక కూటమి కాగితాలు, కొన్ని వందల మంది వ్యక్తిగత పత్రాలు కూడా ఉన్నాయి. రచయిత హైన్రిఖ్ బోల్, సంగీతకారుడు ఒఫెన్‌బాఖ్ పత్రాలు ఆ కోవలోవే.

[స్క్రీన్ మీద: హిస్టోరిషెస్ ఆర్కైవ్ కోల్న్ డాట్ డీఈ]

ఇక వెతుకుదాం. ఆర్కైవ్ డిజిటల్ రీడింగ్ రూమ్ ఇది. చాలామంది ఇక్కడ ఇంగ్లీషు మాట కొట్టి, ఏమీ రాలేదని మూసేస్తారు. వివరణలు జర్మన్‌లో ఉంటాయి కాబట్టి జర్మన్ మాటే కొట్టండి. ఊరి పేరు ఇప్పుడు ‘కే’ అక్షరంతో రాస్తున్నా, 1919కి ముందటి కాగితాల్లో తరచూ ‘సీ’తో ఉంటుంది. రెండూ కొట్టి చూడండి.

ఇంకా మంచి దారి, రికార్డుల చెట్టులోకి, అంటే కొమ్మల్లా విడిపోతూ పోయే జాబితాలోకి దిగడం. ఆర్కైవ్ కాగితాలను విషయాన్ని బట్టి సర్దరు, అవి ఏ ఆఫీసు నుంచి వచ్చాయో దాన్ని బట్టి సర్దుతారు. అలా వచ్చిన ఒక్కో సముదాయాన్ని బెష్టాండ్ అంటారు. కాబట్టి ‘దీని మీద ఏముంది’ అని కాదు, ‘దీన్ని అప్పట్లో ఎవరు రాసి ఉంటారు’ అని ఆలోచించండి. ఒక వీధి వెడల్పు చేశారంటే నగర సభ తీర్మానం ఒకచోట, ఇంజినీరింగు ఫైలు ఇంకోచోట, మ్యాపు మరోచోట ఉంటాయి. అడెనవర్ 1917 నుంచి 1933 దాకా ఇక్కడ మేయరు. అప్పటి ఆయన ఫైళ్లు కావాలంటే బెష్టాండ్ 902 తెరవాలి.

ఎంట్రీ తెరిచాక మూడు చూడండి: బెష్టాండ్ నంబరు, దాని లోపలి నంబరు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అన్నది. తర్వాత స్కాన్ ఉందా లేదా చూడండి. కూలిపోకముందే చాలా రికార్డులను మైక్రోఫిల్మ్ తీసి, ఫ్రైబుర్గ్ దగ్గరి ఓబెర్‌రీడ్‌లో బార్బరా సొరంగంలో స్టీలు పీపాల్లో భద్రపరిచారు. ఆ ఫిల్మ్ నుంచి తీసిన నలుపు తెలుపు స్కాన్లలో అక్షరాలు చదవొచ్చు గానీ సిరా రంగు, కాగితంలోని నీటిగుర్తు తెలియవు, పెన్సిల్ రాతలు సరిగా కనిపించకపోవచ్చు. అవి కావాలంటే అసలు పత్రమే అడగాలి. అది ఇంకా మరమ్మతులో ఉండొచ్చు కాబట్టి ప్రయాణానికి టికెట్ కొనకముందే కనుక్కోండి. రీడింగ్ రూమ్ ఇప్పుడు ఐఫెల్‌వాల్‌లో 2021లో తెరిచిన కొత్త భవనంలో ఉంది.

ఇటీవలి ఫైళ్లకు గడువు ఉంటుంది. మామూలు ఫైలుకు 30 ఏళ్లు. ఒక వ్యక్తికి సంబంధించినదైతే ఆయన పోయిన తర్వాత 10 ఏళ్లు, పోయిన తేదీ తెలీకపోతే పుట్టినప్పటి నుంచి 100 ఏళ్లు. జనన రిజిస్టర్లు 110 ఏళ్లకు, వివాహాలవి 80కి, మరణాలవి 30కి ఆర్కైవ్‌కి వస్తాయి. అంతకన్నా కొత్తదైతే రిజిస్ట్రారు ఆఫీసుని అడగాలి.

[స్క్రీన్ మీద: రిజిస్టరు పేజీ, దగ్గరగా]

ఈ పేజీ చూడండి, ఫ్రెంచి పాలన నాటిది. తేదీ అప్పటి ఫ్రెంచి విప్లవ క్యాలెండరులో ఉంది: ‘7వ సంవత్సరం, వాందెమియేర్ 10’. 7వ సంవత్సరం 1798 సెప్టెంబరు 22న మొదలవుతుంది, వాందెమియేర్ మొదటి నెల, కాబట్టి 10వ రోజు అక్టోబరు 1. ఏడాది మొదలయ్యే రోజు ఒక్కోసారి 23కో 24కో మారుతుంది. అందుకే అంచనా వేయకుండా పట్టిక చూసి లెక్కకట్టండి.

తర్వాతి జర్మన్ పేజీల్లో కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాత వస్తుంది. అందులో ‘ఈ’ (e) అక్షరం ‘ఎన్’ (n)లా కనిపిస్తుంది. ‘యూ’ మీద చిన్న వంపు గీత ఉంటుంది, ‘ఎన్’ మీద ఉండదు. ఇంటిపేర్లను ఒకే చోట చదివి నమ్మకండి. అదే గుమాస్తా అదే పేజీలో రాసిన తెలిసిన మాట, ఉదాహరణకు నెల పేరు, తీసుకుని అక్షరం అక్షరం పోల్చండి.

ఫోటో తీసేముందు నంబరు రాసిన చీటీ పక్కన పెట్టి, రెండూ ఒకే ఫ్రేములో వచ్చేలా తీయండి. ఉత్తరంలో అడిగేటప్పుడు కూడా ఆర్కైవ్ పేరు, బెష్టాండ్, లోపలి నంబరు, పేజీ, ఈ వరసలోనే రాయండి. పాత పుస్తకాల్లో ‘బెష్టాండ్’ బదులు ‘ఆబ్‌టైలుంగ్’ అని కనిపిస్తే ఆ పాత నంబరు కూడా పక్కనే ఇవ్వండి, వాళ్లు జాబితాలో చూసి కొత్తది చెబుతారు.