గోధుమరంగు: కంటికి ఎలా తోస్తుంది, నోటికి ఏ పేరు వస్తుంది?

సమన్వయకర్త: నమస్కారం. ఇంద్రధనుస్సులో లేని ఒక రంగు మన వంటింట్లో మాత్రం చింతపండు నుంచి బెల్లం దాకా కనిపిస్తుంది. మేడమ్, గోధుమరంగు కాంతి అనేది అసలు లేదంటారా?

భౌతికశాస్త్ర అధ్యాపకురాలు: విడిగా లేదండీ. సుమారు 590 నుంచి 620 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతి మనకు నారింజగా కనిపిస్తుంది. అలాంటి కాంతే చుట్టూ ఉన్న తెలుపుకంటే బాగా మసకగా కంటికి చేరినప్పుడు, మెదడు ఆ రెండింటినీ పోల్చి దానిని గోధుమరంగుగా గ్రహిస్తుంది. సెల్‌ఫోన్ తెర నిండా గోధుమరంగు నింపి, గదిలో దీపాలన్నీ ఆర్పి చూడండి. పోల్చడానికి పక్కన ఏమీ లేనందువల్ల అది నారింజ వైపు జరుగుతుంది.

సమన్వయకర్త: మరి పేరు సంగతి ఏమిటి సార్?

భాషావేత్త: 1969లో బ్రెంట్ బెర్లిన్, పాల్ కే అనే అమెరికా పరిశోధకులు 98 భాషల సమాచారాన్ని పరిశీలించి, ఈ రంగుకు మౌలిక పదం (రంగుకే చెందిన సొంత మాట) నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలాల తరువాతే ఏర్పడుతుందని ప్రతిపాదించారు. ఆ వరుసపై తరువాత చాలా వాదాలు వచ్చాయి గానీ, తెలుగు విషయంలో ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది: నల్లని, ఎర్రని అన్నంత సులువుగా మనం ‘గోధుమని’ అనలేము, వెంట ‘రంగు’ ఉండి తీరాలి. ఇలా వస్తువు పేరును అరువు తెచ్చుకోవడం మనకే పరిమితం కాదు. తుర్కీలు కాఫీని, జపాన్‌వారు తేనీటిని, రష్యన్లు దాల్చిన చెక్కను ఆశ్రయించారు. పైగా గోధుమరంగు పాఠ్యపుస్తకాల మాట. ఇళ్లలో వినిపించేవి ముక్కుపొడి రంగు, ఇటుక రంగు, కాఫీ రంగు.

సమన్వయకర్త: మన నిఘంటుకారుడు సి.పి. బ్రౌన్ ఇంటిపేరే ఆ రంగు కావడం ఒక తమాషా. చీరల దుకాణంలో ఏమంటారండీ?

చేనేత వ్యాపారి: పెద్దవారు ముక్కుపొడి అంటారు, పిల్లలు చాక్లెట్ అంటారు, చూపించేది మాత్రం ఒకే చీర. మేడమ్ చెప్పిన పోలిక మాకు రోజూ అనుభవమే: ఒకే దారం మీగడరంగు అంచు పక్కన ముదురుగానూ, నల్ల అంచు పక్కన కాస్త తేలికగా, ఇటుక చాయలోనూ కనిపిస్తుంది. అందుకే దారాన్ని విడిగా చూపించను, అంచు గుడ్డ మీద పెట్టే చూపిస్తాను. అయినా ఇంటికి వెళ్లాక రంగు మారిందని వెనక్కి తెచ్చేవారు ఉన్నారు.

భౌతికశాస్త్ర అధ్యాపకురాలు: వారిని తప్పుపట్టకండి. మీ దుకాణంలో చీర కింద పరిచే తెల్లటి పరుపు వారి ఇంట్లో ఉండదు కదా.