ఆసు పోసిన చేతులు

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం ఉమ్మడి నల్లగొండ జిల్లా పద్మశాలీల గురించి మాట్లాడుకుందాం. పుట్టపాకలో చిన్నప్పటి నుంచి ఆసు పోసిన, అంటే నేతకు ముందు నూలును మేకులకు చుట్టి సిద్ధం చేసిన, ఒక పెద్దమ్మ మనతో ఉన్నారు. అమ్మా, మీ కులం పుట్టుక గురించి మీ ఇళ్లలో ఏమని చెప్పుకుంటారు?

అతిథి: మార్కండేయుడి కొడుకు భావనారుషి తామరతూడుల నారతో దేవతలకు బట్ట నేశాడని, మేము ఆయన సంతతి అని చెబుతారు బిడ్డా. ఆయన భార్య భద్రావతి, సూర్యుడి కూతురు. ఈ కథ మేము చదివి తెలుసుకున్నది కాదు, కూనపులి వారు వచ్చి చెబితే విన్నది. వాళ్లు మా ఆశ్రితులు, మా కులానికి కథ చెప్పి బతికేవారు. చేర్యాల నకాశీ వారు రాసిన పటం తెచ్చేవారు, ఎర్రటి నేల మీద బొమ్మలు. దాన్ని వేలాడదీసి, ఒక్కో వరుస విప్పుతూ, బొమ్మను కర్రతో చూపిస్తూ పాడేవారు. కథ పూర్తయ్యేసరికి తెల్లవారేది.

వ్యాఖ్యాత: నూలుకు ముందే ముడులు కట్టి, రంగులద్ది నేసే చిటికి నేత, అదే ఇక్కత్, మాత్రం మన ప్రాంతంలో పుట్టింది కాదంటారు.

అతిథి: చీరాల నుంచి వచ్చింది. అక్కడ తేలియా రుమాళ్లు నేసేవారు. ఆముదం కాయల బూడిద, నూనె కలిపి నూలును రోజుల తరబడి పిసికి ఆరబెడితేనే రంగు పట్టేది. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. అరబ్బు దేశాలకు ఓడల్లో వెళ్లేవి. ఆ పద్ధతి పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం మగ్గాలకు చేరింది. పట్టు తర్వాత వచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, మా తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మా ఊరి గజం గోవర్ధన గారికి 2011లో, గజం అంజయ్య గారికి 2013లో పద్మశ్రీ ఇచ్చారు. ఊరంతా పండుగ చేసుకున్నాం. కానీ కథలోనైనా సన్మాన సభలోనైనా మగ్గం మీద కూర్చున్న మగవాడే కనిపిస్తాడు. అతని చేతికి నూలు ఎలా వచ్చిందని ఎవరూ అడగరు.

వ్యాఖ్యాత: ఎలా వస్తుందో మీరే చెప్పండి.

అతిథి: ఒక చివర ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు. దారాన్ని ఇటు నుంచి అటు తీసుకెళ్లి తగిలించి, మళ్లీ ఇటు తేవాలి. అదే ఆసు. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు తిరగాలి. ఒక పోగు తప్పితే పువ్వు పక్కకు జరుగుతుంది. నాలుగైదు గంటలు పట్టేది, భుజం పట్టేసేది. ఆ తర్వాత గీతల ప్రకారం సైకిలు ట్యూబు ముక్కలతో చిటికి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టాలి. అడ్డపోగు నూలును కండెలకు చుట్టడమూ మాదే. ఇంత అయ్యాక మగ్గంలో కండెను మోసే నాడె ఆడుతుంది.

వ్యాఖ్యాత: చింతకింది మల్లేశం గారి యంత్రం ఆ బాధ తీర్చింది కదా?

అతిథి: ఆలేరు దగ్గర శారాజీపేట ఆయనది. తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక, ఏళ్ల తరబడి తిప్పలు పడి 1999లో లక్ష్మీ ఆసు యంత్రం పూర్తి చేశారు. చీరకు గంటన్నరలో ఆసు అయిపోతుంది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రానికి తల్లి పేరు పెట్టడం నాకు ఎంతో నచ్చింది. మా అమ్మలాంటి వాళ్లకు దక్కిన మర్యాద అది.

వ్యాఖ్యాత: 2019-20 చేనేత గణనలో దేశంలో సుమారు 35 లక్షల మంది కార్మికులను లెక్కిస్తే 70 శాతానికి పైగా మహిళలే అని తేలింది.

అతిథి: మా ఇళ్లు చూస్తే ఆ లెక్క ముందే తెలుస్తుంది. బతుకు బరువై మా వాళ్లు సోలాపూర్, భివండి, సూరత్ మరమగ్గాలకు వలస వెళ్లినప్పుడు ఇక్కడ పని నిలబెట్టింది కూడా ఎక్కువగా ఆడవాళ్లే.

వ్యాఖ్యాత: ఇప్పుడు ఏం మారాలంటారు?

అతిథి: కూలి. మా ఇంట్లో షావుకారు పట్టు ఇచ్చి, ఏడెనిమిది చీరల పడుగుకు ఒకటే కూలి కట్టేవాడు. ఆసు, చిటికి, కండెలు అన్నీ అందులోనే. డబ్బు మా ఆయన చేతికి వచ్చేది. ఆసుకు ఇంత, చిటికికి ఇంత అని విడిగా రాసి, ఆ పని చేసినవాళ్ల చేతికే ఇవ్వాలి. మా కోడళ్లు ఇప్పుడు అదే అడుగుతున్నారు, నేను వాళ్ల పక్షానే ఉన్నాను.