స్కాట్లాండ్ స్మాల్ ఐల్స్ గ్రూప్ టూర్ రివ్యూ: నాలుగు దీవుల ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఇది చూడండి

అందరికీ నమస్కారం. ఈ రోజు రివ్యూ స్కాట్లాండ్ పడమటి తీరంలో ఉన్న స్మాల్ ఐల్స్‌కి తీసుకెళ్ళే ఆరు రాత్రుల గ్రూప్ ప్యాకేజీ మీద. ముందే చెప్పేస్తున్నా, ఇందులో ఒక సీటు టూర్ వాళ్ళు ఛానెల్‌కి ఫ్రీగా ఇచ్చారు. స్క్రిప్టు మాత్రం వాళ్ళకి చూపించలేదు. వీడియో అయ్యాక ఇంకో సీటు ఇస్తారో లేదో మీరే చెప్పండి.

ఏ రోజు ఏ దీవి, ఎంత ధర, ఎన్ని మంచాలు, ఇదంతా బ్రోషర్‌లో ఉంది, మీరు చూసే వచ్చుంటారు. చూడనివాళ్ళ కోసం ఒక్క ముక్క: మెయిన్‌ల్యాండ్ మీదున్న రేవు ఊరు మ్యాలెగ్‌లో ఒక రాత్రి, ఎగ్ దీవిలో రెండు, రమ్‌లో ఒకటి, క్యానాలో ఒకటి, దారిలో మక్ దీవి మీద కాసేపు, తిరిగొచ్చి మళ్ళీ మ్యాలెగ్‌లో ఒకటి. గ్రూపులో పదిమంది. చదువుతుంటే బ్రహ్మాండంగా ఉంటుంది. అసలు గొడవంతా పడవ టైంటేబుల్ దగ్గర మొదలవుతుంది. ఈ వీడియోలో సగం దాని మీదే, ఎందుకంటే బ్రోషర్‌లో దాని గురించి ఉన్నది ఒకే ఒక్క లైను: "ఫెర్రీ ద్వారా ప్రయాణం."

స్క్రీన్ మీద మ్యాప్ చూడండి. ఈ నాలుగు దీవులకీ మ్యాలెగ్ నుంచి వెళ్ళేది క్యాల్‌మ్యాక్ అనే ఫెర్రీ కంపెనీ వాళ్ళ పడవ లాక్‌నెవిస్. 2000లో కట్టింది. ఒక్క పడవే నాలుగింటికీ తిరుగుతుంది. మనుషులు, సరుకులు, గ్యాస్ సిలిండర్లు, పశువులు, పోస్టు, అన్నీ అందులోనే. ఎండాకాలంలో కూడా ప్రతి దీవికీ ప్రతి రోజూ పడవ ఉండదు. సోమవారం ఒక వరుసలో ఆగితే, మంగళవారం ఇంకో వరుస. "రమ్ నుంచి క్యానాకి రేపు పొద్దున పోదాం" అని మీరు అనుకోగానే సరిపోదు, ఆ రోజు ఆ వరుస ఉండాలి. అంటే మీరు ఏ దీవిలో ఎన్ని గంటలుండాలో మీ ఇష్టం నిర్ణయించదు, వారం నిర్ణయిస్తుంది. ప్యాకేజీలో రమ్ మీద ఒకే రాత్రి పెట్టింది రమ్‌కి ఒక రాత్రి చాలని కాదు, మర్నాడు పడవ ఉంది కాబట్టి.

రెండో సంగతి గాలి. ఇది ఏ బ్రోషరూ చెప్పదు కాబట్టి కాస్త శ్రద్ధగా వినండి. ఆ తీరంలో ఎక్కువగా వీచేది నైరుతి గాలి. నాలుగు దీవుల రేవులూ తూర్పు వైపో, ఆగ్నేయం వైపో తిరిగి ఉంటాయి. కాబట్టి నైరుతి గాలి గట్టిగానే వీచినా దీవి తనే అడ్డం నిలబడుతుంది, రేవు దగ్గర నీళ్ళు కొంత నెమ్మదిగానే ఉంటాయి. గాలి తూర్పు నుంచో ఆగ్నేయం నుంచో వీస్తేనే చిక్కు. లాక్‌నెవిస్ వెనక భాగంలో పొడుగాటి ర్యాంపు ఉంటుంది. పడవ వెనక్కి వచ్చి ఆ ర్యాంపుని సిమెంటు వాలు మీద ఆనిస్తుంది, మనం దాని మీదుగా నడిచి దిగుతాం. కెరటం పడవ వెనక భాగాన్ని ఎత్తి దించుతుంటే ర్యాంపు సిమెంటు మీద కొట్టుకుంటుంది. అప్పుడు కెప్టెన్ ఆ దీవిని వదిలేసి ముందుకి పోతాడు. పోవాలి కూడా. ఎగ్, మక్ రేవులు రెండూ ఆగ్నేయం వైపే, మక్ రేవు ముందు రాళ్ళు అదనం. ఆకాశం నీలంగా ఉంది, ఎండ కాస్తోంది, పడవ మాత్రం రాదు. వాన లేదు కదా, ఎందుకు రద్దు చేశారని గ్రూపులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. వానతో పని లేదండీ, గాలి ఏ దిక్కు నుంచి అన్నదే లెక్క. ముందు రోజు సాయంత్రం వాతావరణ యాప్‌లో డిగ్రీలు చూడకండి, బాణం గుర్తు చూడండి. క్యాల్‌మ్యాక్ సర్వీస్ స్టేటస్‌లో అంబర్ రంగు కనిపిస్తే మర్నాటి ప్లాన్ మీద ఆశ సగం తగ్గించుకోండి.

ఇప్పుడు ప్యాకేజీలో అసలు తప్పు. నాలుగు దీవులు ఒకదాని వెనక ఒకటి పెట్టి, మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ ఉంచలేదు. ఒక్క పడవ తప్పితే తర్వాతి బుకింగులన్నీ కూలిపోతాయి. రమ్‌లో బంక్‌హౌస్ ఖాళీ చేయాలి, క్యానాలో గది మీకోసం ఎదురు చూస్తుంటుంది, మీరు రేవులో సంచుల మీద కూర్చుని ఉంటారు. ఇంకా చిరాకైన విషయం, చివరి రోజు మ్యాలెగ్ నుంచి రైలు, అదే రోజు గ్లాస్గో నుంచి ఫ్లయిట్ పట్టుకోవచ్చని సలహా ఇచ్చారు. దయచేసి అలా చేయకండి. మ్యాలెగ్ నుంచి గ్లాస్గోకి రైలు ప్రయాణం అయిదు గంటల పైనే, రోజు మొత్తానికి రైళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. దీవి వదిలిన రోజుకీ ఫ్లయిట్ రోజుకీ మధ్య కనీసం ఒక పూర్తి రోజు ఉండాలి. బీపీ, షుగర్ మాత్రలు వాడేవాళ్ళు రెండు రోజులవి అదనంగా పెట్టుకోవాలి. దీవుల్లో మెడికల్ షాపు లేదు.

వెళ్ళేటప్పుడు కూడా ఒక మెలిక. గ్లాస్గో క్వీన్ స్ట్రీట్‌లో ఎక్కే కొన్ని రైళ్ళు క్రియన్‌లారిక్ దగ్గర రెండుగా విడిపోతాయి. సగం పెట్టెలు ఓబన్ అనే ఇంకో ఊరికి పోతాయి, సగం మ్యాలెగ్. పదిమంది గ్రూపు ఖాళీ సీట్లు చూసుకుని చెరో పెట్టెలో కూర్చుంటే సగం మంది ఓబన్‌లో తేలతారు. ఎక్కేటప్పుడే డోర్ పక్క బోర్డు చదవండి. గ్లెన్‌ఫిన్నన్ వంతెన 21 కమాన్లతో వస్తుంది, ఫోన్లు బయటికి తీస్తారు, తీయండి. ఆ విషయం మీద చెప్పనివాళ్ళు యూట్యూబ్‌లో లేరు.

ఇక దీవులు. ఎగ్‌కి ఫుల్ మార్కులు. 1997లో అక్కడి జనమే విరాళాలు పోగేసి దీవిని కొనేసుకున్నారు. 2008 నుంచి వాళ్ళ కరెంటు వాళ్ళదే: వాగు నీళ్ళు, గాలిమరలు, సోలార్ పలకలు, బ్యాటరీలు. మెయిన్‌ల్యాండ్ గ్రిడ్‌తో సంబంధమే లేదు. ఇది మన గ్రూపులకి ఎందుకు చెబుతున్నానంటే, ఒక్కో ఇంటికి ఒకేసారి 5 కిలోవాట్లు మించి వాడటానికి లేదు. ప్యాకేజీలో ఎగ్‌లో ఇచ్చేది వంట చేసుకునే అద్దె ఇళ్ళు. పొద్దున ఎనిమిదింటికి మన ఇంట్లో ఏం జరుగుతుందో లెక్కేయండి. కెటిల్ 3,000 వాట్లు. ఇండక్షన్ స్టవ్ మీద ఉప్మా, 2,000. పై గదిలో హెయిర్ డ్రయర్, ఇంకో 2,000. అక్కడికే ఏడు వేలు, ఠప్పున కరెంటు పోతుంది. ఇంట్లో ఫ్యూజ్ ఎగిరినట్టు మీరే స్విచ్చి పైకెత్తితే సరిపోయే వ్యవహారం కాదు, చూసుకునేవాళ్ళు వచ్చి మళ్ళీ కలపాలి. రైస్ కుక్కర్‌తో భయం లేదు, మామూలు సైజుది 700 వాట్లే. కెటిల్ పని అయ్యాక స్టవ్, స్టవ్ అయ్యాక డ్రయర్. వంటింటి తలుపు మీద కాగితం అంటించి ఎవరు ఎప్పుడు ఏం వాడతారో రాసుకోండి. ఇస్త్రీ పెట్టె సంగతి మర్చిపోండి, అక్కడ మీ చొక్కా మడతలు చూసేది గొర్రెలే.

ఎగ్‌లో చూడాల్సింది అన్ స్గూర్. 393 మీటర్లు. రేవు నుంచి చూస్తే నిట్టనిలువు నల్ల గోడలా కనిపిస్తుంది, దీన్నెలా ఎక్కుతాం అనిపిస్తుంది. దారి ఆ గోడ మీద లేదు, వెనక్కి తిరిగి ఉత్తరం వైపు నుంచి ఒక సందులో పైకి తీసుకెళ్ళి, అంచు వెంబడి శిఖరానికి చేరుస్తుంది. వెళ్ళి రావడానికి నాలుగు గంటలు పెట్టుకోండి. మధ్యలో బురద నేల, మామూలు స్పోర్ట్స్ షూస్ తడిసి ముద్దవుతాయి, చీలమండ పైదాకా వచ్చే బూట్లు కావాలి. పొగమంచు కమ్మితే పైకి వెళ్ళొద్దు, దక్షిణం వైపు కొండచరియే. ఆర్డ్‌నెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ 397 మ్యాపు ఒకటి కొనండి, నాలుగు దీవులూ అందులోనే ఉన్నాయి. ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు.

ఉత్తరాన క్లీడేల్ దగ్గర కాలితో రాస్తే కీచుమనే ఇసుక తీరం ఉంది. ఇసుక ఎండి ఉంటేనే ఆ చప్పుడు. వాన పడిన రోజున అంత దూరం నడిచి "ఏమీ వినపడలేదు" అని రివ్యూలు రాసేవాళ్ళున్నారు, పాపం. దక్షిణాన ఒక గుహ ఉంది. 1577లో మ్యాక్‌లియడ్ తెగవాళ్ళు గుహ ముఖం దగ్గర మంటపెట్టి, లోపల దాక్కున్న మ్యాక్‌డొనాల్డ్ తెగ వాళ్ళని, దాదాపు దీవి జనాభా మొత్తాన్ని, పొగతో చంపేశారని చెబుతారు. ముఖం ఇరుకు, వంగి దూరాలి, లోపల చీకటి. దాని పక్క ఉన్న పెద్ద గుహకి ఆటు సమయంలోనే వెళ్ళగలం, పోటు వస్తే దారి మునుగుతుంది. ఆటుపోట్ల పట్టిక చూడకుండా అటు కదలొద్దు.

రమ్ దీవి బ్రోషర్ ఫొటోలో ఎర్రటి కోట పెట్టారు. అది కిన్‌లాక్ క్యాజిల్, 1897లో మొదలుపెట్టి 1900కి కట్టారు, లాంకషర్‌లో బట్టల మిల్లులకి యంత్రాలు తయారుచేసి సంపాదించిన డబ్బు. దాని కోసం రమ్‌కి వెళ్ళకండి, భవనం ఏళ్ళుగా పాడైపోతోంది. రమ్ విలువంతా కొండల్లో ఉంది. అస్కివల్ 812 మీటర్లు, ఆ కొండల మీద బొరియల్లో మాంక్స్ షియర్‌వాటర్ అనే సముద్రపు పక్షులు లక్షల్లో గూళ్ళు పెడతాయి, అవి బయటికొచ్చేది చీకటి పడ్డాకే. ఒక్క రాత్రిలో, అదీ సామాను మోసుకుంటూ, ఇందులో ఏదీ కుదరదు. అందుకే ఈ ప్యాకేజీలో రమ్ దండగ.

మక్ చిన్నది, బావుంటుంది, అంతే. క్యానా మాత్రం అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళకి నా ఓటు. 1981 నుంచి వారసత్వ స్థలాల్ని కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ చేతిలో ఉంది. రేవు చుట్టూ చదునైన దారి, వంతెన దాటితే శాండే అనే పక్క దీవి. మే నుంచి జులై దాకా అక్కడి సముద్రపు రాళ్ళ మీద పఫిన్లు అనే సముద్రపు పక్షులు కనిపిస్తాయి. మనుషులు కాపలా లేని కొట్టు ఉంది, మీరే తీసుకుని లెక్క రాసి డబ్బు పెట్టాలి. 2015లో అందులో దొంగతనం జరిగితే అది దేశమంతా వార్తయింది.

ఇప్పుడు మిడ్జ్‌లు, అంటే కుట్టే బుల్లి పురుగులు. ప్యాకేజీ వాళ్ళ సామాన్ల లిస్టులో "దోమల మందు, గొడుగు" అని రాశారు. రెండూ తప్పే. గొడుగు ఆ గాలికి ఒక్క నిమిషం ఆగదు. మిడ్జ్ దోమకన్నా చాలా చిన్నది, మామూలు దోమతెర కన్నాల్లోంచి దూరిపోతుంది. జాలీ కన్నం ఒక మిల్లీమీటరు కన్నా చిన్నగా ఉండే తల వల కావాలి. దాన్ని ఉత్త తలకి తొడిగితే చెవికి, ముక్కుకి ఆనిన చోట కుట్టేస్తాయి. ముందు అంచున్న టోపీ, దాని మీద వల, కింద అంచు కాలరు లోపలికి. పికారిడిన్ (పురుగుల్ని దూరంగా ఉంచే మందు) ఉన్న స్ప్రే మణికట్టు, చీలమండ, మెడ వెనక. నల్ల బట్టలు వద్దు, లేత రంగులు వేసుకోండి. మే చివర మొదలై సెప్టెంబరు దాకా ఉంటాయి, జులై, ఆగస్టు ఘోరం. తెల్లవారుజాము, సాయంత్రం, మబ్బుపట్టి గాలి ఆగిన వేళ వస్తాయి. గంటకి పది పదకొండు కిలోమీటర్ల గాలి ఉంటే ఎగరలేవు, కాబట్టి మధ్యాహ్నం భోజనం చెట్ల నీడన కాకుండా గాలి తగిలే గట్టు మీద పెట్టుకోండి. రమ్ రేవు దగ్గర చెట్లున్నాయి, అక్కడ ఇవి మరీ ఎక్కువ. తల వల అయిదారు పౌండ్లు ఉంటుంది, మ్యాలెగ్ చేరేలోపే కొనేయండి. ఇంత డబ్బు తీసుకునే ప్యాకేజీ ఆ వల ఇవ్వలేదు చూశారా, నాకు అక్కడ కాలింది.

పిడుదులు కూడా ఉంటాయి. రాత్రి మోకాళ్ళ వెనక, గజ్జల్లో చూసుకోండి. కనిపిస్తే సన్న ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. తర్వాతి వారాల్లో చుట్టూ ఎర్రటి వలయం వస్తే డాక్టర్‌కి చూపించాలి.

తిండి: మక్‌లో కొట్టు లేదు, మిగతా చోట్ల ఉన్నవి చిన్నవి. పదిమంది ఒకేసారి వెళ్తే పాలు, బ్రెడ్డు ఊరివాళ్ళకి మిగలవు. మ్యాలెగ్ సూపర్‌మార్కెట్లో కొనుక్కుని ఎక్కండి. బియ్యం పూటకి మనిషికి 100 గ్రాములు, రెండు రాత్రుల భోజనానికి పదిమందికి 2 కిలోలు. కందిపొడి, పులిహోర పేస్టు ఉంటే కూరల పనే లేదు. ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్ళకి ఒక మాట, నెయ్యి, కోవా సూట్‌కేసులో పెట్టుకురావద్దు, పాల పదార్థాలు బ్రిటన్‌లోకి తేవడం నిషేధం. గ్లాస్గోలో ఇండియన్ షాపుల్లో నెయ్యి దొరుకుతుంది. చక్రాల సూట్‌కేసు గ్లాస్గోలోనే వదిలేయండి, కంకర దారిలో దాని చక్రాలు ఆగవు. 45 లీటర్ల బ్యాక్‌ప్యాక్, లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి.

ఇంతకుముందు ఇదే ఛానెల్‌లో ఓబన్ నుంచి మల్, అయోనా, స్టాఫా దీవులు ఒక్క రోజులో చుట్టే టూర్‌ని తిట్టాం, స్టాఫా మీద గంట కూడా ఉండనివ్వరని. ఇప్పుడు ఆ మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. అది కనీసం ఒక్క రోజు టూర్ అని ఒప్పుకుని అమ్ముతోంది. ఇది ఆరు రాత్రులు తీసుకుని కూడా అదే హడావుడి పెడుతోంది.

ఈ ప్యాకేజీ ఉన్నదున్నట్టుగా కొనొద్దు. ఎగ్‌లో మూడు రాత్రులు, క్యానాలో రెండు, మధ్యలో ఒక ఖాళీ రోజు, ఇలా మార్చి ఇస్తామంటే కళ్ళు మూసుకుని కొనండి. నాలుగు దీవులూ చూశామనిపించుకోవాలంటే లాక్‌నెవిస్‌లోనే దిగకుండా తిరిగొచ్చే నాన్ ల్యాండింగ్ టికెట్ ఉంటుంది, ఆ పని ఒక్క రోజులో తక్కువ డబ్బుతో అయిపోతుంది. నెల అయితే మే మొదటి మూడు వారాలు: పఫిన్లు వచ్చేసి ఉంటాయి, మిడ్జ్‌లు ఇంకా రావు.

లింకు కింద ఉంది. అడ్వాన్సు కట్టే ముందు వాళ్ళకి మూడు ప్రశ్నలు మెయిల్ చేసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. పడవ రద్దయితే అదనపు రాత్రి గది డబ్బు ఎవరు కడతారు? తర్వాతి దీవి బుకింగ్ తేదీ మార్చే పూచీ ఎవరిది? చివరి దీవి నుంచి వచ్చిన రోజు రైలు టికెట్ ముందే కొనేస్తారా, మార్చుకునే వీలున్న టికెట్ కొంటారా?