మా నాన్న, మై ఫాదర్
(చిత్తూరులో తెలుగు భాషా దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలోని హెడ్మాస్టర్లకు, గాలి కోసం కిటికీల దగ్గర నిలబడ్డ పిల్లలకు నమస్కారం. గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు కదా, తెలుగు గొప్పతనం గురించి చెప్పమన్నారు. నేను ఉద్యోగమంతా ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇంగ్లీషు సర్వనామాల గురించే మాట్లాడతాను. గిడుగువారు ఏమీ అనుకోరు. సవర గిరిజన పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని వాచకాలు రాసినవారాయన.

మొన్న మా వీధి పాప నోట్సు పట్టుకొచ్చింది. ఐదో తరగతి. 'మా నాన్న మామిడికాయల మండీలో పని చేస్తాడు' అనే వాక్యాన్ని ఇంగ్లీషులో 'అవర్ ఫాదర్' అని మొదలుపెట్టింది. టీచరమ్మ 'అవర్' చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి వదిలేసింది. 'ఎందుకు తప్పు మేడం?' అని తెలుగులో అడిగినందుకు పది రూపాయలు ఫైన్! బడి పేరు చెప్పను. అది ఒక్కటే అలాంటిదైతే చెప్పేవాణ్ణే.

తప్పు తప్పే, కాదనను. కానీ కారణం చెప్పాలి కదా అమ్మా? ఒక్కగానొక్క కొడుకైనా మనలో 'మా నాన్న' అనే అంటాడు. మా ఇల్లు, మా ఊరు, ఆఖరికి మా ఆవిడ! ఇంగ్లీషులో అలా కుదరదు. చెప్పేవాడు ఒక్కడైతే 'మై'. 'అవర్ వైఫ్' అని ఒకసారి చెప్పి చూపిస్తే క్లాసంతా నవ్వుతుంది, జన్మలో మరిచిపోదు. ఈ రెండు ముక్కలు చెప్పడానికి తెలుగు కావాలి. తెలుగుకేమో ఫైన్.

'మై', 'మైన్' తేడా కూడా అంతే. పట్టిక ఇచ్చి బట్టీ పట్టిస్తారు. 'ఇది నా పెన్ను', 'ఈ పెన్ను నాది' - ఈ తేడా పిల్లలకు బడికి రాకముందే వచ్చు. వెనక వస్తువు పేరుంటే నా, లేకపోతే నాది. యువర్ - యువర్స్, హర్ - హర్స్, దెయిర్ - దెయిర్స్ అన్నీ ఇదే దారి. 'హిజ్' మాత్రం అతని, అతనిది రెండింటికీ తానే సరిపెట్టుకుంటుంది.

కొన్నిచోట్ల మనదే పైచేయి. 'వి ఆర్ గోయింగ్ టు కాణిపాకం' అంటే వినేవాడు కూడా బయల్దేరాలా, టాటా చెప్పాలా? మనకు మనం, మేము వేరు. ఇంట్లో అరవం మాట్లాడే పిల్లలకూ నామ్, నాంగళ్ ఉన్నాయి. 'రవి బాబుకు తన సైకిలు ఇచ్చాడు' అంటే అది రవిదే. ఇంగ్లీషు 'హిజ్' అలా తేల్చదు. మనం జాగ్రత్తపడాల్సిన చోటూ ఉంది. 'వస్తోంది' అంటే చాలు, పాపో బస్సో మనకు తెలిసిపోతుంది. ఇంగ్లీషులో 'షి'నో 'ఇట్'నో ముందు పెట్టి తీరాలి. పిల్లలు 'ఈజ్ కమింగ్' అని రాసేది అందుకే, తెలివి లేక కాదు.

ఇక 'ఇట్స్'. 'రామూస్ బుక్' అన్నప్పుడు 'ఎస్' ముందు అపాస్ట్రఫీ, అంటే పైన పెట్టే కామాలాంటి గుర్తు, పెట్టమని నేర్పిందీ మనమే, కుక్క గురించి 'ఇట్స్ టెయిల్' అన్నప్పుడు పెట్టొద్దనేదీ మనమే. 'ఇట్ ఈజ్' అనో 'ఇట్ హాజ్' అనో విడదీస్తే అర్థం కుదిరిందా, పెట్టు. లేదా, వద్దు. పిల్లలకు ఇంత చాలు. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో అసలు 'ఇట్స్' లేదు, వస్తువులకూ చాలాచోట్ల 'హిజ్' అనే రాశారు. ఆ తర్వాత చాలాకాలం ఇంగ్లీషువాళ్ళే 'దాని' అనే అర్థంలో అపాస్ట్రఫీ పెట్టి రాసేవాళ్ళు. వాళ్ళకెవరు ఫైన్ వేశారు?

టైమైందని చీటీ వచ్చింది. ఒక్క నిమిషం సార్. కట్టమంచి ఇక్కడికి కూతవేటు. ఆ ఊళ్ళో పుట్టిన రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జిలో చదివి ఇంగ్లీషులో మహావక్త అనిపించుకున్నారు, తెలుగులో కావ్యమూ రాశారు. ఒక భాష ఇంకోదానికి అడ్డొచ్చిందా?

హెడ్మాస్టర్లూ, మీకే చెప్తున్నా. సర్కారు ఇచ్చిన లెక్కలు, సైన్సు పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. రేపు సర్వనామాల పాఠం చెప్పేటప్పుడు ఆ పుస్తకాలు తెరిపించి, ఎదురు పేజీ కూడా చదివించండి. పిల్లలు తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు చెప్పండి. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్ళు ఇదేమిటని గద్దిస్తే నా పేరు చెప్పి, నా ఇంటికి పంపండి.