కంప్యూటర్ రాసే చిట్టా

(గుంటూరులో మిర్చి కమిషన్ షాపుల గుమాస్తాలు, అకౌంటెంట్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మిర్చి టిక్కీ, అంటే బస్తా, విప్పి గుప్పెడు కాయలు చేతిలోకి తీసుకుంటే తేమ ఎంతుందో చెప్పేస్తారు మీరు. గలగలమంటే ఒక రేటు, మెత్తగా అణిగితే ఇంకో రేటు. మీటరు పెట్టకముందే మీ వేళ్లకు తెలిసిపోతుంది. అంత నేర్పున్నవాళ్లే, కంప్యూటర్ తెరమీద కుడివైపు మూలన చిన్న మెసేజ్ రాగానే చదవకుండా ఇంటూ మార్కు కొట్టేస్తారు. రైతు ఎదురుగా నిలబడి ఉంటాడు, పట్టీ (అమ్మకం లెక్క చీటీ) రాయాలి, తొందర. అర్థం చేసుకోగలను. కానీ షాపులో ఎవరో ఒకరు ఆ మెసేజ్ చదవాలి.

నేను అరండల్‌పేటలో ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. ఒక ఏప్రిల్‌లో, సీజన్ జోరుగా ఉన్నప్పుడు, ఒక షాపు నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, బిల్లు కొడుతుంటే సిస్టమ్ ఆగిపోయింది, ఇంక లేవట్లేదు." వెళ్లి హార్డ్ డిస్కు విప్పుకొచ్చి, నా సిస్టమ్‌కు తగిలించి, అందినంత వరకు ఫైళ్లు తీశాను. అకౌంట్ల ఫైలు అందలేదు. సిస్టమ్‌లో ఏం జరిగిందో విండోస్ రాసుకునే లాగ్ అందింది. డిస్కులో బ్యాడ్ బ్లాక్, అంటే పాడైపోయిన చోటు, ఉందని అది పదకొండు రోజుల ముందే రాసిపెట్టింది. ఆ తర్వాత రోజూ రాస్తూనే ఉంది. ఆ పదకొండు రోజుల మధ్యలో ఒకరోజు నేను ఆ షాపుకే ప్రింటర్ చూడ్డానికి వెళ్లాను. ఆ సిస్టమ్ ముందే కూర్చున్నాను. లాగ్ తెరవలేదు. తెరిస్తే రెండు నిమిషాల పని. వాళ్లు కార్బన్ కాపీలు ముందేసుకుని మూడు రాత్రులు లెక్కలు తిరగరాశారు. రైతులకు చేరాల్సిన డబ్బు అన్ని రోజులూ ఆగింది. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అప్పటినుంచి ఏ పనిమీద ఏ షాపుకు వెళ్లినా ముందు ఆ లాగ్ చూస్తాను. మీకూ అదే నేర్పాలని వచ్చాను.

మీరు రోజూ చిట్టా రాస్తారు కదా, విండోస్ కూడా రాస్తుంది. అదే లాగ్. దాన్ని తెరిచి చూపించే ప్రోగ్రాం పేరు ఈవెంట్ వ్యూయర్. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ నుంచీ ఉంది. అయితే మొదటిసారే అది తెరవకండి, భయపడతారు. బాగా పనిచేసే సిస్టమ్‌లో కూడా ఎర్ర, పసుపు గుర్తులు బోలెడు ఉంటాయి. ఉదాహరణకు డీకామ్ పేరుతో 10016 నంబరు కనిపిస్తుంది. దాన్ని పట్టించుకోనక్కర్లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. మోసగాళ్లు ఫోన్ చేసి, సరిగ్గా ఈ పేజీనే తెరిపించి, "చూడండి మీ కంప్యూటర్ నిండా వైరస్" అని డబ్బు గుంజుతారు. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. తెరనిండా ఎర్రగా వచ్చి "ఈ నంబరుకు ఫోన్ చేయండి" అనే హెచ్చరిక వంద శాతం మోసం. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఉండనే ఉండదు. ఎవరైనా డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి.

మీరు ముందు చూడాల్సింది రిలయబిలిటీ మానిటర్. స్టార్ట్ నొక్కి రిలయబిలిటీ అని ఇంగ్లీషులో టైప్ చేస్తే "వ్యూ రిలయబిలిటీ హిస్టరీ" అని వస్తుంది. విస్టా కాలం నుంచి ప్రతి విండోస్‌లోనూ ఉన్నా, నేను వెళ్లిన షాపుల్లో దీన్ని తెరిచినవాళ్లు ఒక్కరూ లేరు. పైన ఒక గీత, 1 నుంచి 10 దాకా మార్కులు. కింద రోజుకో గడి. ప్రోగ్రాం ఆగిపోయినా, కరెంటు పోయినట్టు సిస్టమ్ ఠక్కున ఆగినా, ఆ రోజు గడిలో ఎర్ర గుర్తు పడి గీత కిందికి దిగుతుంది. ఒకటి రెండు గుర్తులకు కంగారు పడకండి. వారం రోజులుగా దిగుతూనే ఉంటే నాలాంటి వాణ్ని పిలవండి.

మన ఊరికి బాగా అవసరమైన నంబరు ఒకటుంది. కెర్నెల్ పవర్ 41. సిస్టమ్‌ను సరిగ్గా షట్‌డౌన్ చేయకుండానే మళ్లీ ఆన్ అయిందని దాని అర్థం. ఎందుకో మాత్రం చెప్పదు. టైము చూసి మనమే పట్టుకోవాలి. కరెంటు పోయిన టైముకే పడుతుంటే యూపీఎస్ బ్యాటరీ అయిపోయినట్టు. కరెంటు ఉండగానే, మధ్యాహ్నం ఎండ ముదిరిన వేళ పడుతుంటే ముందు ఫ్యాన్‌ను అనుమానించండి. మిర్చి దుమ్ము సన్నగా పోయి ఫ్యాన్ రెక్కలకు పట్టేస్తుంది, ప్రాసెసర్ కాగిపోతుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు సిస్టమ్‌ను బయటికి తీసుకెళ్లి, మాస్కు, కళ్లజోడు పెట్టుకుని కొట్టండి. ఆ ఘాటు కళ్లలో పడితే పూటంతా మంట.

మీలో చాలామంది రాత్రి షాపు కట్టేసేటప్పుడు మెయిన్ కూడా ఆపేసి వెళ్తారు. మంచి అలవాటే. కానీ విండోస్ తన శుభ్రం తాను చేసుకోవడానికి పెట్టుకున్న టైము తెల్లవారుజామున 2 గంటలు. అప్పుడు సిస్టమ్ ఆఫ్‌లో ఉంటే, తర్వాత ఎప్పుడు ఖాళీ దొరికితే అప్పుడు చేసుకుంటుంది. అందుకని భోజనానికి వెళ్లేటప్పుడు ఆపకుండా వదిలేయండి. ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్కు) ఉన్నవాళ్లు డీఫ్రాగ్, అంటే డిస్కులో చెదిరిన ఫైళ్లను సర్దే పని, సంగతే మరిచిపోండి, దానికి కావాల్సింది విండోసే చేసుకుంటుంది.

అప్‌డేట్లను "తర్వాత" అని నెట్టేయకండి. 2017 మే 12న వనాక్రై అనే హానికర ప్రోగ్రాం ప్రపంచమంతా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు అడిగింది. దాన్ని ఆపే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. రెండు నెలల టైము ఉన్నా వేసుకోనివాళ్లు చాలామంది మునిగారు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంకా అందులోనే ఉన్నవాళ్లు యార్డుకు వేసవి సెలవులు ఇచ్చినప్పుడు కొత్త విండోస్‌కు మారే పని పెట్టుకోండి, సీజన్ మధ్యలో వద్దు.

ఇక అసలు పని. మూలన వచ్చే మెసేజ్‌ను చూడకపోయినా, కళ్లముందు నోట్‌ప్యాడ్ తెరుచుకుని పెద్ద అక్షరాలతో మాట్లాడితే చూస్తారు. అది మనమే ఏర్పాటు చేయొచ్చు, రూపాయి ఖర్చు లేదు. ముందు ఒక నోట్‌ప్యాడ్ ఫైలులో తెలుగులోనే రాయండి: "డిస్కు పాడవుతోంది. బిల్లు ఆపి బ్యాకప్ తీయండి." సేవ్ చేయండి. తర్వాత, మనం చెప్పిన పనిని విండోస్ తనంతట తాను చేసేలా పెట్టే టాస్క్ షెడ్యూలర్ తెరిచి, క్రియేట్ బేసిక్ టాస్క్ నొక్కి, ఎప్పుడు అని అడిగిన చోట "వెన్ ఎ స్పెసిఫిక్ ఈవెంట్ ఈజ్ లాగ్డ్" ఎంచుకోండి. లాగ్ దగ్గర సిస్టమ్, సోర్స్ దగ్గర డిస్క్, ఈవెంట్ ఐడీ దగ్గర 7. డిస్కులో బ్యాడ్ బ్లాక్ కనపడితే విండోస్ రాసే నంబరు అదే. ఏం చేయాలి అంటే "స్టార్ట్ ఎ ప్రోగ్రాం", నోట్‌ప్యాడ్‌తో మీ ఫైలు. అంతే. విండోస్ ఆ 7ను చిట్టాలో రాయగానే మీ కాగితం మీ ముందుకు వస్తుంది. కొన్ని డిస్కులు ఏ హెచ్చరికా లేకుండానే పోతాయి కాబట్టి, రోజువారీ బ్యాకప్‌కు ఇది బదులు కాదు.

ఆ కాగితం వచ్చినప్పుడు ఏం చేయకూడదో గట్టిగా చెప్తాను. డిస్కును పరీక్షించే చెక్ డిస్క్ ప్రోగ్రాం వెంటనే పెట్టకండి. పోతున్న డిస్కును ఆ మూల నుంచి ఈ మూల దాకా చదివిస్తే, ఉన్న కాస్త ప్రాణం దానికే ఖర్చయిపోతుంది. ముందు అకౌంట్ల ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకో బయటి డిస్కులోకో కాపీ చేయండి. కాపీ తెరుచుకుంటోందో లేదో వేరే సిస్టమ్‌లో చూడండి. రిపేరు ఆలోచన ఆ తర్వాతే.

ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్లు ఇప్పుడు తెరవండి. తేనివాళ్లు పక్కవాళ్ల దగ్గరికి జరగండి. వెనక వరసలో మీరు, బాబాయ్ గారూ, ఇలా ముందుకొచ్చి కూర్చోండి, అక్కడినుంచి అక్షరాలు కనపడవు. నోట్‌ప్యాడ్ తెరిచారా? మీ షాపులో ఎవరు చదివినా అర్థమయ్యేలా ఆ ఒక్క వాక్యం రాయండి.