అటక మీది కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే ముందు

అందరికీ నమస్కారం. అనంతపురంలో రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసిన చేతులు ఈ హాల్లో చాలానే ఉన్నాయి కాబట్టి నేరుగా విషయానికొస్తాను. ముప్పై ఏళ్లు అటక మీదున్న కంప్యూటర్‌ను దింపగానే మన నోట వచ్చే మాట, "ఒకసారి ప్లగ్గు పెట్టి చూద్దాం". దయచేసి పెట్టొద్దు. నేను పెట్టాను.

అది బీబీసీ మైక్రో, అంటే 1980లనాటి బ్రిటిష్ కంప్యూటర్. బడిపిల్లలకు కంప్యూటర్ నేర్పడానికి 1984లో కేంద్రం మొదలుపెట్టిన క్లాస్ పథకం కింద మన దేశంలో బడులకు వచ్చిన రకం. కాసేపటికే పవర్ సప్లై డబ్బా సందుల్లోంచి పొగ. గదంతా ఘాటు వాసన. తీరా విప్పి చూస్తే, కాలింది మెయిన్స్ దగ్గరుండే చిన్న ఫిల్టర్ కెపాసిటర్. కెపాసిటర్ అంటే కరెంటును కాసేపు దాచుకునే భాగం. దానికి తేనెరంగు తొడుగు, లోపల కాగితం పొరలు. ఏళ్లు గడిచేకొద్దీ తొడుగు మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి, వాటిగుండా తేమ కాగితానికి చేరుతుంది. మనది వానలు తక్కువ పడే జిల్లానే. అయినా ముప్పై ఏళ్లంటే ముప్పై వానాకాలాలు!

కాబట్టి ముందు దాన్ని మార్చండి. అదే విలువది, మెయిన్స్ మీద వాడటానికి తగినదని చెప్పే ఎక్స్2 గుర్తున్నది వేయండి. ప్లగ్గు పీకేసినా పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులు మిగిలి ఉండొచ్చు, మీటరు పెట్టి చూడకుండా వేలు పెట్టొద్దు. తర్వాత కంప్యూటర్ మెయిన్ బోర్డు కలపకుండా, 12 వోల్టుల బండి బల్బు లోడుగా పెట్టి పవర్ సప్లై ఇచ్చే 5 వోల్టుల లైను కొలవండి. 4.75కూ 5.25కూ మధ్య ఉంటేనే బోర్డు కలపాలి.

ఇక నాకు బాగా ఇష్టమైన సంగతి. బాగున్న బీబీసీ మైక్రో ఆన్ చేయగానే ముందు బొంగురుగా మోగి, వెంటనే సన్నగా బీప్ అంటుంది. కరెంటు అందగానే సౌండ్ చిప్ దానంతటదే మోగుతుంది. దాన్ని ఆపాల్సింది రోమ్‌లోని, అంటే కరెంటు పోయినా చెరగని మెమరీ చిప్‌లోని ప్రోగ్రాం. నా మిషన్‌లో ఆ బొంగురు మోత ఆగనే లేదు. అంటే ప్రోగ్రాం నడవట్లేదు. టెన్షన్ పడి చిప్పులు కొనలేదు. కరెంటు తీసి, సాకెట్లలోని ఐసీలను, అంటే ఆ చిప్పులనే, ఒక్కొక్కటే మెల్లగా పైకి లేపాను. రోమ్ కాళ్లు నల్లబడి ఉన్నాయి. తుడిచి మళ్లీ కూర్చోబెట్టాను. ఈసారి మోత ఆగింది, బీప్ వినబడింది, పాత టీవీ తెర మీద "బీబీసీ కంప్యూటర్ 32కే" అని వచ్చింది.

అదే కాలపు మరో బ్రిటిష్ కంప్యూటర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ దొరికితే మాత్రం పైమూత ఒక్కసారిగా లాగొద్దు, మూతనుంచి బోర్డుకు వెళ్లే కీబోర్డు రిబ్బన్ పెళుసెక్కి ఉంటుంది, విరుగుతుంది.

మీ ఇంట్లో ఇలాంటిది ఏదైనా ఉంటే ప్లగ్గు పెట్టకుండా తీసుకురండి. మీటరు, బల్బు నా దగ్గరున్నాయి, కలిసి విప్పుదాం.