25 డాలర్ల తురాయి చెట్టు

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈసారి మనతో మాట్లాడబోయేది మా పెద్దమ్మ కూతురు. సొంతూరు రాజమండ్రి, ఇప్పుడు ఉండేది అమెరికాలో, ఫ్లోరిడా తూర్పు తీరాన. వారమంతా అకౌంట్స్ ఉద్యోగం, శని ఆదివారాలు రంగులు. బొమ్మలేయడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అక్కా, నీ గురించి మాట్లాడదామంటే ససేమిరా అన్నావు.

గెస్ట్: నా గురించి ఏముందిరా? నేను వేసినవి మా హాలు గోడ దాటి బయటికెళ్లలేదు. మేముండే వైపే ఒకాయన ఉండేవారు, హెరాల్డ్ న్యూటన్ అని. ప్రకృతి దృశ్యాలు వేసేవారు. ఆయన గురించి, ఆయనతోటి వాళ్ల గురించి మాట్లాడుకుంటే వినేవాళ్లకి ఏదైనా దక్కుతుంది.

హోస్ట్: సరే, ఎవరీయన?

గెస్ట్: 1934లో పుట్టారు, 1994లో పోయారు. నల్లజాతి ఆయన. అప్పట్లో ఫ్లోరిడాలో తెల్లవాళ్లకి వేరే స్కూళ్లు, నల్లవాళ్లకి వేరే స్కూళ్లు. బస్సులో, హోటల్లో, అన్నిచోట్లా అదే తంతు. ఫోర్ట్ పియర్స్ అనే ఊరి చుట్టుపక్కల నల్లజాతి కుర్రాడికి దొరికే పనేమిటంటే నారింజ తోటలో కాయలు కోయడం, లేదంటే ప్యాకింగ్ షెడ్డు, టమాటా చేలు. ఈయనకేమో బొమ్మలు వేయడం వచ్చు. మొదట్లో నల్ల వెల్వెట్ గుడ్డ మీద దేవుడి బొమ్మలు వేసి అమ్మేవారు.

హోస్ట్: వెల్వెట్ మీద నుంచి చెట్లు, సముద్రం మీదికి ఎలా మళ్లారు?

గెస్ట్: ఫోర్ట్ పియర్స్‌లో ఎ. ఇ. బాకస్ అని ఒక తెల్ల చిత్రకారుడుండేవారు. 1906లో పుట్టిన మనిషి. ఆయన కూడా న్యూయార్క్‌లో కొన్నాళ్లు చదివిందే తప్ప చాలావరకు సొంతంగానే నేర్చుకున్నారు. ఇక్కడి ఆకాశం, మడుగులు, తాటిజాతి చెట్లు ఇంప్రెషనిస్టుల పద్ధతిలో, అంటే సన్నపని కంటే వెలుగూ రంగూ ముందు కనబడేలా వేసేవారు. ఆయన స్టూడియోకి ఎవరైనా వెళ్లొచ్చు. తెల్లా నల్లా తేడా లేదు. అక్కడ జాజ్ మోగుతూ ఉండేది, పక్కన ఆయన బొమ్మ వేసుకుంటూ ఉండేవారు. న్యూటన్‌ని చూసి, నువ్వు ఇక్కడి నేలని వెయ్యి అని ప్రోత్సహించింది ఆయనే.

హోస్ట్: అంటే ఏకలవ్యుడి కథలాంటిదా?

గెస్ట్: కాదు, అసలు కాదు. ద్రోణుడు రానివ్వలేదు, ఈయన తలుపు తీసే పెట్టాడు. బొటనవేలూ అడగలేదు. కానీ న్యూటన్ ఆయన దగ్గర కూర్చుని పాఠాలేమీ చెప్పించుకోలేదు. చూశారు, ఇంటికెళ్లి వేశారు. పాఠాలు చెప్పించుకున్నది ఆల్ఫ్రెడ్ హెయిర్ అనే ఇంకో కుర్రాడు. స్కూల్లో డ్రాయింగ్ టీచరమ్మ జనోబియా జెఫర్సన్ అతన్ని తీసుకెళ్లి బాకస్‌కి పరిచయం చేసింది. ఈ ఇద్దర్నీ చూసి మిగతావాళ్లు మొదలెట్టారు. ఒకళ్లని చూసి ఒకళ్లు, అన్నని చూసి తమ్ముడు.

హోస్ట్: వేశారు సరే, చూపించేదెక్కడ? గ్యాలరీల్లో పెట్టనిచ్చారా?

గెస్ట్: ఎవరు పెట్టనిస్తారు? అందుకే కారు డిక్కీలో పెట్టుకుని రోడ్డెక్కారు. తీరం పొడవునా ఊళ్లన్నీ కలుపుతూ వెళ్తుంది యూఎస్ 1 హైవే. దాని వెంట మోటళ్లు, డాక్టర్ల క్లినిక్కులు, లాయర్ల ఆఫీసులు, బ్యాంకులు. తలుపు తట్టడం, బొమ్మ చూపించడం. ఒక్కోటి 25 డాలర్లు, అటూ ఇటూగా. ఒక్కోసారి రంగు ఇంకా తడిగానే ఉండేది. 50ల్లో, 60ల్లో ఒక నల్లజాతి మనిషి తెల్లవాళ్ల వీధుల్లో తలుపులు తట్టుకుంటూ తిరగడమంటే ఎంత టెన్షనో చూడు. పనివేళ ఇక్కడేం చేస్తున్నావని ఎవరైనా అడగొచ్చు. చేతిలో బొమ్మ ఉంటే జవాబు ఉన్నట్టే.

హోస్ట్: కాన్వాసు మీదేనా?

గెస్ట్: కాన్వాసుకి డబ్బులెక్కడివి? అప్సన్ బోర్డ్ అని ఉంటుంది, ఇళ్లు కట్టేటప్పుడు వాడే అట్టలాంటి పలక. దాన్ని కోసి, పూత పూసి, దాని మీద ఆయిల్ రంగులు. ఫ్రేములు కూడా కొనలేదు. గోడకీ సీలింగ్‌కీ మధ్య కొట్టే చెక్క పట్టీ ఉంటుంది కదా, దాన్నే నాలుగు ముక్కలుగా కోసి మేకులు కొట్టి, తెల్లరంగో బంగారురంగో వేసేవాళ్లు. ఇప్పుడు పాతబొమ్మ అసలుదో కాదో చూడాలంటే చాలామంది ముందు వెనక్కి తిప్పి ఆ పలకే చూస్తారు.

హోస్ట్: నాకో సందేహం. తప్పుగా అనుకోకు. డిక్కీలో వేసుకుని, తడారకుండా, పాతిక డాలర్లకి అమ్మేసిన బొమ్మలు... అది కళ అంటామా, సరుకు అంటామా?

గెస్ట్: అడుగుతావని తెలుసు. హెయిర్ సంగతి వింటే నీ సందేహం ఇంకా పెరుగుతుంది. అతను పెరట్లో పలకలు వరసగా నిలబెట్టి, అన్నిటికీ ముందు ఆకాశం వేసేసేవాడు. మళ్లీ మొదటి దగ్గరికొచ్చి అన్నిటికీ నీళ్లు. తర్వాత చెట్లు. ఫ్రేములు కొట్టేవాళ్లు వేరే, అమ్మిపెట్టేవాళ్లు వేరే. ముప్పై అయిదేళ్లకల్లా మిలియనీర్ అవ్వాలని లెక్క వేసుకున్నాడు.

హోస్ట్: అయ్యాడా?

గెస్ట్: 1970లో ఒక బార్‌లో గొడవలో కాల్చి చంపేశారు. 29 ఏళ్లు.

హోస్ట్: అయ్యో.

గెస్ట్: ఇప్పుడు నీ ప్రశ్నకొస్తా. మోనే లాంటి ఫ్రెంచి ఇంప్రెషనిస్టులు ఎందుకు తొందరగా వేశారు? వెలుగు మారిపోతుందని. ఎండ జరిగేలోపు పట్టుకోవాలి, కాబట్టి సన్నపనికి టైం లేదు, కుంచె చప్పున పడాలి. వీళ్ల తొందర వేరు. శనివారానికి అద్దె కట్టాలి. కానీ ఆ తొందర చేతికి చేసింది ఒకటే పని. ఒక్కో ఆకూ గీసుకుంటూ కూర్చుంటే పూట గడవదు. అందుకని చెట్టు మొత్తాన్ని నాలుగు విసుర్లలో చెప్పడం నేర్చుకున్నారు. పైగా తడి రంగు మీద తడి రంగు పడితే అంచులు వాటంతటవే కలిసిపోతాయి, నీళ్లు ఎక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. ఇక్కడ ఉక్కపోత సాయంత్రాల్లో బయట నిజంగా అలాగే ఉంటుంది. ఆ శైలి వాళ్లకి స్కూలు ఇవ్వలేదు, అవసరం ఇచ్చింది. నన్నడిగితే న్యూటన్ బొమ్మల్లో బలమంతా అందులోనే ఉంది.

హోస్ట్: బయట కూర్చుని వేసేవాళ్లా, ఫ్రెంచి వాళ్లలాగా?

గెస్ట్: చాలావరకు లేదు. ఇంటి దగ్గరే, గుర్తున్నదాన్నిబట్టి. పుట్టి పెరిగిందే ఆ నేల కదా, ఫోటో ఎందుకు? నాకు వాళ్ల బొమ్మల్లో బాగా ఇష్టమైంది తురాయి చెట్టు.

హోస్ట్: మన తురాయా? గుల్‌మొహర్?

గెస్ట్: అదే చెట్టు. ఇక్కడ రాయల్ పోయిన్సియానా అంటారు. అసలు పుట్టిల్లు మడగాస్కర్. మనకీ పరాయిదే, వీళ్లకీ పరాయిదే. ఎండలు ముదిరాక ఆకు కనబడకుండా పూస్తుంది చూడు, వీళ్ల బొమ్మల్లో దానికి పెద్దపీట. దగ్గరికెళ్లి చూస్తే ఒక్క పువ్వూ ఉండదు. కింద నీడ వైపు వంగపండు రంగు కలిసిన ముదురు ఎరుపు, దాని మీద మామూలు ఎరుపు, ఎండ తగిలే చోట నారింజ రంగు దట్టంగా. నైఫ్‌తో ఎత్తి అలా పెట్టి వదిలేసినట్టు, వేలితో తడిమితే గట్లు తగులుతాయి. రెండడుగులు వెనక్కొస్తే చెట్టు నిండా పూత. నేల మీద రాలిన పూలు కూడా అంతే, అడ్డంగా రెండు మూడు గీతలు.

హోస్ట్: మనుషులు ఉండరా?

గెస్ట్: చాలా అరుదు. అలలు, మడుగులు, తుఫాను ముందు మబ్బు, వంగిన చెట్లు. నారింజ తోటల్లో పనిచేసేవాళ్లు కనబడరు, వేరు స్కూళ్లూ కనబడవు. కొందరు దీన్ని తప్పు పడతారు. కొనేవాళ్లకి కావలసిన అందమైన ఫ్లోరిడానే అమ్మారని. నిజమే, మోటల్ గోడకి వేలాడదీసుకోవడానికి కొన్నారు మరి. అయితే ఆ అడవిలో, ఆ నీళ్ల ఒడ్డున కాపలా కాసేవాడు ఉండడు, తెల్లవాళ్లకే అనే బోర్డు ఉండదు. వాళ్లకి అక్కడే ఊపిరాడిందేమో అని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహే, ఎవరూ చెప్పింది కాదు.

హోస్ట్: ఆడవాళ్లు ఎవరైనా ఉన్నారా ఈ గుంపులో?

గెస్ట్: ఒక్కరే, మేరీ ఆన్ క్యారల్. చిన్నప్పుడు న్యూటన్ కారు చూసి ఆగిపోయిందట. కారు మీద మంటల బొమ్మలు వేసుకుని తిరిగేవాడు ఆయన! అలా పరిచయం, అలా రంగులు. ఏడుగురు పిల్లల్ని పెంచింది. బొమ్మలు వేసి, తనే కారు నడుపుకుంటూ వెళ్లి అమ్ముకుంది. 2011లో వైట్‌హౌస్‌కి పిలుపొస్తే మిషెల్ ఒబామాకి తీసుకెళ్లిన బొమ్మ ఏమిటనుకున్నావు? తురాయి చెట్టే.

హోస్ట్: భలే. మరి పేరెప్పుడొచ్చింది వీళ్లకి?

గెస్ట్: చాలా ఆలస్యంగా. 70ల తర్వాత జనం అభిరుచి మారింది, అమ్మకాలు పడిపోయాయి. బొమ్మలు అటకల మీదికి, పాతసామాన్ల దుకాణాలకి చేరాయి. 90ల మధ్యలో జిమ్ ఫిచ్ అనే ఆయన వీళ్ల మీద రాసి, ‘హైవేమెన్’ అని పేరు పెట్టాడు. అప్పటికి హెయిర్ పోయి పాతికేళ్లయింది. 2004లో ఫ్లోరిడా ఆర్టిస్ట్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో 26 మందిని చేర్చారు. మొత్తం మీద వేసినవి రెండు లక్షల దాకా ఉంటాయని ఒక అంచనా. న్యూటన్‌వి మంచివైతే ఇప్పుడు వేల డాలర్లు. ఆ సొమ్ము ఎక్కువగా చేరేది అటక మీద పడేసి మర్చిపోయిన ఇళ్లవాళ్లకి. నాకు అక్కడే మండుతుంది.

హోస్ట్: నువ్వు ఒకటి కొనకూడదూ?

గెస్ట్: మీ బావగారితో చెప్పి చూడు! నకిలీలు కూడా తిరుగుతున్నాయి, తెలియకుండా దిగకూడదు. కొనకపోయినా చూడొచ్చు. ఫోర్ట్ పియర్స్‌లో బాకస్ పేరుతో మ్యూజియం ఉంది, అందులో హైవేమెన్ బొమ్మలు పెట్టారు. మనవాళ్లు డిస్నీకి వచ్చి ఓర్లాండో నుంచే వెనక్కి వెళ్లిపోతారు. అక్కడి నుంచి రెండు గంటల దారి, అంతే. మా ఇంటికొచ్చిన చుట్టాలందరినీ తీసుకెళ్తున్నా. మా ఆడపడుచు పిల్లలు మాత్రం మళ్లీ తీసుకెళ్తానంటే కారెక్కడం లేదు.